ట్యాబ్‌లో డైరీ రాయడానికి ఏ యాప్? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల్లోని తెలుగువారు ట్యాబ్‌లో డైరీ రాయాలనుకున్నప్పుడు అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. యాప్‌లు వస్తాయి, పోతాయి, డైరీ మిగలాలి. అందువల్ల యాప్ ఎంత అందంగా ఉందన్నది తరువాత చూడవచ్చు, అందులో రాసిన తెలుగు చెక్కుచెదరకుండా బయటికి వస్తుందా లేదా అన్నదే మొదట చూడాలి.

## యాప్ వెతకడానికి ముందు

డైరీ యాప్, నోట్స్ యాప్ రెండూ ఒకటే కదా? వేరుగా ఎందుకు చూడాలి?

డైరీ యాప్ తేదీ చుట్టూ కట్టినది. తెరవగానే ఈ రోజు పేజీ వస్తుంది, ఫొటో, ఊరు, వాతావరణం దానికి జతపడతాయి, గత సంవత్సరాల్లో ఇదే రోజున ఏం రాశారో కూడా చూపిస్తుంది. డే వన్, డయేరియం ఈ కోవలోవి. ఆపిల్ వారి జర్నల్ యాప్ 2023 డిసెంబరులో ఐఫోన్‌కు, 2025లో ఐప్యాడ్‌కు వచ్చింది. వన్‌నోట్, గూగుల్ కీప్, జాప్లిన్ నోట్స్ యాప్‌లు కాబట్టి వాటిలో తేదీ క్రమాన్ని మీరే పెట్టుకోవాలి. గుడ్‌నోట్స్, నోట్‌షెల్ఫ్, శామ్‌సంగ్ నోట్స్ చేతిరాత కోసం రూపొందిన పుస్తకాల వంటివి. రోజుకు నాలుగు వాక్యాలు రాసేవారికి మొదటి రకం హాయిగా ఉంటుంది. జమాఖర్చులు, బొమ్మలు, పాటలు అన్నీ ఒకచోటే ఉంచుకునేవారికి మిగిలిన రెండూ నయం.

చేత్తో రాయాలా, టైపు చేయాలా అన్నది ముందే తేల్చుకోవాలా?

తేల్చుకోవాలి, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. టైపు చేసిన తెలుగు యూనికోడ్ అక్షరాలుగా, అంటే ఏ పరికరమైనా గుర్తించే ప్రామాణిక సంకేతాలుగా, నిలుస్తుంది. దాన్ని వెతకవచ్చు, ఇంకో యాప్‌లోకి మార్చవచ్చు, అక్షరాలు పెద్దవి చేసి పెద్దవారికి చదవడానికి ఇవ్వవచ్చు. చేత్తో రాసినది మాత్రం యాప్ దృష్టిలో ఒక బొమ్మే. ఇంగ్లీషు చేతిరాతలో మాట వెతికిపెట్టే యాప్‌లు చాలానే ఉన్నాయి గాని, తెలుగు చేతిరాత విషయంలో ప్రచారాన్ని నమ్మకుండా, మీ చేతిరాతలో పది మాటలు రాసి వెతికి చూశాకే నిర్ణయించండి. మధ్యేమార్గం కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో జీబోర్డు కీబోర్డుకు తెలుగు చేతిరాత అమరిక ఉంది. వేలితోనో పెన్నుతోనో అక్షరం గీస్తే అది టైపు అక్షరంగా మారుతుంది. గూగుల్ స్వరలేఖనం 2017 నుంచి తెలుగును అందుకుంటోంది కాబట్టి, కీలు వెతుక్కోవడం కష్టమైన పెద్దవారు మాట్లాడి రాయించుకోవచ్చు. చేతిరాతలో రాసినవారి మనిషితనం ఉంటుందన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. అయితే పదేళ్ళ తరువాత ఒక పేరు కోసమో ఒక తేదీ కోసమో వెతకాల్సి వస్తుందనుకునేవారు టైపు వైపే మొగ్గడం మంచిది.

మా ట్యాబ్‌తో పెన్ను రాలేదు. ఏదో ఒక స్టైలస్ కొంటే సరిపోతుందా?

సరిపోదు. రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్ వేలు చేసే పనే చేస్తుంది. చెయ్యి తెర మీద ఆనితే గీతలు పడతాయి, వత్తులు, గుణింతాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తెలుగు రాయడానికి ట్యాబ్ తెర గుర్తించే అసలు పెన్ను కావాలి. శామ్‌సంగ్‌లో గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్, ట్యాబ్ ఎస్9 ఎఫ్‌ఈ వంటివి ఎస్ పెన్‌తోనే వస్తాయి. ట్యాబ్ ఏ9 దాన్ని గుర్తించదు. ఐప్యాడ్‌కు ఆపిల్ పెన్సిల్‌లో ఏ తరం సరిపడుతుందో మోడల్‌ను బట్టి మారుతుంది. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడిని బట్టి గీత మందం మార్చే గుణం లేదు, అయితే డైరీ రాతకు అది పెద్ద లోటు కాదు. పెన్ను లేని ట్యాబ్ ఇప్పటికే కొని ఉంటే, టైపు డైరీకి దాన్ని నిశ్చింతగా వాడుకోండి.

మా వైపు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. నెట్ లేకుండా పనిచేస్తుందా?

రాయగడ, గజపతి, కోరాపుట్ కొండల్లో ఉన్నవారికి ఇది మొదటి షరతు కావాలి. యాప్ పెట్టుకున్నాక ట్యాబ్‌ను ఫ్లైట్ మోడ్‌లో (విమానం గుర్తు) ఉంచండి. కొత్త పేజీ రాసి, ఫొటో చేర్చి, యాప్ మూసి మళ్ళీ తెరిచి, పాత పేజీలోని ఒక మాటను వెతకండి. ఇవన్నీ జరిగితేనే ఆ యాప్ ఈ ప్రాంతానికి పనికివస్తుంది. జాప్లిన్, డయేరియం, శామ్‌సంగ్ నోట్స్ ఖాతా తెరవకుండానే ట్యాబ్‌లో దాచుకుని పనిచేస్తాయి.

## పోల్చి చూసే దశలో

తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే పేజీలో రాయగలనా?

రాయవచ్చు. మూడు లిపులూ యూనికోడ్‌లో ఉన్నాయి. జీబోర్డులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కీబోర్డులు చేర్చుకుని గ్లోబు గుర్తుతో ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు. లిపి విషయంలో యాప్ తేడా చేసేది ఫాంటు దగ్గర. కొన్ని యాప్‌లు ఇచ్చే అలంకార ఫాంట్లు ఇంగ్లీషుకే పనిచేసి, తెలుగు, ఒడియాలను ట్యాబ్‌లోని మామూలు ఫాంటుకు వదిలేస్తాయి. అందుకని ఫాంట్ల సంఖ్య చూసి యాప్ ఎంచుకోకండి.

యాప్ తెలుగును సరిగ్గా పట్టుకుంటుందో లేదో ఎలా పరీక్షించాలి?

ఒక పేజీలో స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞాపకం, కర్తృత్వం వంటి సంయుక్తాక్షరాలున్న మాటలు రాయండి. ముందు తెర మీద వత్తులు పై వరుసకో కింది వరుసకో తగిలి తెగిపోతున్నాయేమో చూడండి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని వరుసల మధ్య దూరం ఖరారు చేసిన యాప్‌లలో ఈ ఇబ్బంది కనిపిస్తుంది. తరువాత ఒక మాటలో కొంత భాగాన్నే వెతకండి. ‘జ్ఞాపక’ అని వెతికితే ‘జ్ఞాపకాలు’ దొరకాలి. తెలుగులో విభక్తులు మాట చివర చేరతాయి కాబట్టి, పూర్తి మాట సరిపోతేనే చూపించే వెతుకులాట మనకు సగం పనే చేస్తుంది. రాయగడలో, రాయగడకు, రాయగడ నుంచి అన్నవన్నీ ఒక్క వెతుకులో రావాలి.

ఇక అసలు పరీక్ష ఎగుమతి. ఆ పేజీని బయటికి తీసి, వేరే పరికరంలో తెరిచి, అక్షరాలు నకలు చేసి మరోచోట అతికించండి. అతికించినప్పుడు గుణింతాలు తారుమారైతే ఆ ఎగుమతిని నమ్మకండి. ఈ పరీక్షకు అరగంట కూడా పట్టదు, కానీ ఏళ్ళ తరబడి రాసే రాత దీని మీద ఆధారపడి ఉంటుంది.

ఇన్ని చెప్పే బదులు ఒక్క పేరు చెప్పవచ్చు కదా?

ఒక్క పేరు అందరికీ సరిపోదు, కానీ నా సలహా ఇది. శామ్‌సంగ్ ట్యాబ్, ఎస్ పెన్ ఉండి చేత్తో రాసేవారు డబ్బు ఖర్చు చేయకుండా శామ్‌సంగ్ నోట్స్‌తో మొదలుపెట్టండి. దాని సొంత ఫైలు రూపం ఇతర యాప్‌లలో తెరుచుకోదు కాబట్టి నెలనెలా పీడీఎఫ్ తీయండి. ఐప్యాడ్‌లో చేతిరాతకు గుడ్‌నోట్స్ గాని నోట్‌షెల్ఫ్ గాని బాగుంటుంది. టైపు చేసి, ఫొటోలతో తేదీవారీగా ఉంచుకోవాలంటే డే వన్. ఖాతాలు, చందాలు వద్దు, నా రాత నా దగ్గరే ఉండాలనుకునేవారికి జాప్లిన్. అది మూలసంకేతం బహిరంగంగా ఉన్న (ఓపెన్ సోర్స్) ఉచిత యాప్, చూడడానికి కాస్త ముతకగా ఉన్నా రాత మాత్రం మామూలు అక్షరాల ఫైలుగా బయటికి వస్తుంది. నన్ను అడిగితే టైపు చేసేవారికి జాప్లిన్‌నే మొదట చూడమంటాను.

తిథి, మాసం, పండుగలు యాప్‌లో వస్తాయా?

డైరీ యాప్‌లు నడిచేది ఇంగ్లీషు తేదీల మీదే. తిథి కావాలంటే మొదటి వరుసలో మీరే రాసుకోవాలి. నమూనా పేజీ పెట్టుకునే వీలున్న యాప్‌లో ‘తిథి’, ‘వారం’, ‘ఎక్కడ’ అన్న ఖాళీలను శాశ్వతంగా ఉంచుకోవచ్చు. మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త అవసరం. తెలుగు పంచాంగంలో మాసం అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజికలో చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళ అష్టమి, అక్కడ భాద్రపద కృష్ణ అష్టమి. ఇంట్లో రెండు పంచాంగాలూ చూసే కుటుంబాలు బహుళ పక్షంలో మాసం పేరు రాసేటప్పుడు ఏ లెక్కో గుర్తించాలి, లేకపోతే తరువాత చదివేవారు నెల రోజుల తేడాతో లెక్కవేసే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఉన్నది ఒకటే ట్యాబ్. నా డైరీ పిల్లలు తెరవకుండా ఎలా?

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఒకరికంటే ఎక్కువమంది వాడుకరులను చేర్చే సదుపాయం 2012 నుంచి ఉంది. మీకో వాడుకరి ఖాతా, పిల్లలకో ఖాతా పెట్టి తాళాలు వేరు చేస్తే ఒకరి యాప్‌లు మరొకరికి కనిపించవు. యాప్ తాళం కన్నా ఇదే గట్టిది. ఇంట్లో వాడే ఐప్యాడ్‌లో ఈ సదుపాయం లేదు కాబట్టి డైరీ యాప్‌కే వేలిముద్ర గాని రహస్య సంఖ్య గాని పెట్టే వీలు ఉండాలి. తెర పైభాగంలో వచ్చే నోటిఫికేషన్లలో డైరీ వాక్యాలు కనిపించకుండా కూడా చూసుకోండి.

## డబ్బు కట్టే ముందు

ఏటా చందా కట్టేది మంచిదా, ఒక్కసారి కొనేది మంచిదా?

డైరీ దశాబ్దాల పని కాబట్టి, వీలైతే ఒక్కసారి కొనేదే నా ఎంపిక. చందా యాప్‌లలో షరతులు మధ్యలో మారవచ్చు. నోటబిలిటీ అనే చేతిరాత యాప్ 2021 నవంబరులో చందా పద్ధతికి మారినప్పుడు అంతకుముందే కొన్నవారు గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఆ తరువాతే సంస్థ వారి పాత సదుపాయాలను కొనసాగించింది. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచిత వాడకాన్ని 50 నోట్లకు పరిమితం చేసింది. రోజుకో పేజీ రాసేవారికి అది రెండు నెలలకు కూడా చాలదు. అలాగని చందా ఎప్పుడూ తప్పని కాదు. రాతను తాళం వేసి దాచి, ట్యాబ్‌లోనూ ఫోన్‌లోనూ ఒకేలా చూపించడానికి సంస్థకు నిత్యం ఖర్చు ఉంటుంది. చందా ఆపేశాక పాత పేజీలు చదవనిస్తారా, ఎగుమతి చేసుకోనిస్తారా అన్న రెండు విషయాలు తెలుసుకుని కట్టండి. డయేరియం ఒక్కసారి కొనే పద్ధతిలో ఉంది, అయితే ఆండ్రాయిడ్‌కు, ఐప్యాడ్‌కు, విండోస్‌కు విడివిడిగా కొనాలి.

యాప్ తీసేస్తే డబ్బు కోత ఆగిపోతుందా?

ఆగదు. ప్లే స్టోర్‌లో గాని ఆపిల్ ఖాతాలో గాని చందాల పేజీకి వెళ్ళి రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు గాని యూపీఐ గాని ఆటోపే కోతకు 24 గంటల ముందు సమాచారం రావాలి. ఆ సందేశాన్ని పట్టించుకోండి.

ఉచిత యాప్ వాళ్ళు నా డైరీ చదువుతారేమో?

చదివే వీలు సాంకేతికంగా ఉందా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న. రెండు కొసల మధ్య తాళం (ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్) ఉన్న యాప్‌లో రాత మీ పరికరంలోనే సంకేతంగా మారుతుంది, తాళంచెవి లేనిదే సంస్థకైనా అర్థం కాదు. డే వన్, జాప్లిన్ ఈ ఏర్పాటు ఇస్తున్నాయి. జాప్లిన్‌లో దాన్ని మీరే ఆన్ చేయాలి. దీనికి మరో వైపు కూడా ఉంది. ఆ తాళంచెవి పోతే రాతను తిరిగి ఇప్పించడం ఎవరి వల్లా కాదు, కాబట్టి దాన్ని కాగితం మీద రాసి ముఖ్యమైన పత్రాలతో ఉంచండి. ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ కింద సమాచార భద్రత అనే విభాగం ఉంటుంది. డైరీ యాప్ మీ పరిచయాల జాబితాను అడుగుతుంటే దానితో పనిలేదు.

## రాయడం మొదలయ్యాక

మా ఇంటి మాట రాస్తే కీబోర్డు మార్చేస్తోంది. పుస్తకాల తెలుగులోనే రాయాలా?

ఎంతమాత్రం అవసరం లేదు. కీబోర్డు అమరికల్లో స్వయంసవరణ ఆపేసి, మీ ఇంటి మాటలను సొంత నిఘంటువులో చేర్చండి. కొన్నాళ్ళకు కీబోర్డు వాటినే సూచిస్తుంది. ఒడియా మాటలు కలిసిన మన తెలుగు తప్పు తెలుగు కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) వాడుక భాషలో రాయడం కోసం జీవితమంతా పోరాడారు, అదే ప్రాంతంలోని సవర భాషను నేర్చి దానికి నిఘంటువు కూడా కూర్చారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అమ్మమ్మ పలికినట్టే రాసిన వాక్యం మనుమలకు ఏ నిఘంటువులోనూ దొరకదు, దాన్ని కీబోర్డు చేతికి వదలకండి.

చేత్తో రాస్తుంటే నా అక్షరాలు గుండ్రటి బొమ్మలుగా మారిపోతున్నాయి. ట్యాబ్ పాడైందా?

పాడవలేదు. గీత గీసి పెన్ను కాసేపు ఆపితే దాన్ని వృత్తంగానో చతురస్రంగానో దిద్దే సదుపాయం చేతిరాత యాప్‌లలో ఉంటుంది. మన సున్నా, ఠ వంటి అక్షరాలు దానికి వృత్తాల్లా కనిపిస్తాయి. గుడ్‌నోట్స్ 6లో గజిబిజిగా గీకితే చెరిపివేసే సంజ్ఞ కూడా ఉంది. ఒత్తుగా రాసిన వత్తులను అది పొరబడే అవకాశం ఉంది. రెండింటినీ అమరికల్లో ఆపేయండి. గీతల పేజీలో వరుసల మధ్య దూరం ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుంటే గుడి, వత్తు ఒకదానికొకటి తగలవు. పెన్ను గాజు మీద జారుతుంటే గరుకు రకం తెర రక్షణ పొర అతికించవచ్చు.

ఊరి పేరు వెతికితే సగం పేజీలే వస్తున్నాయి. మిగిలినవి పోయాయా?

పోలేదు, వేరే వర్ణక్రమంలో ఉన్నాయి. పర్లాకిమిడి, పారలాఖెముండి, బరంపురం, బ్రహ్మపూర్, జయపురం, జైపూర్, ఇలా మన ఊళ్ళలో చాలావాటికి రెండు మూడు రూపాలున్నాయి, యాప్ వాటిని వేర్వేరు మాటలుగానే చూస్తుంది. ప్రతి ఊరికీ ఒక ట్యాగు (పేజీకి తగిలించే గుర్తుమాట) పెట్టి, లోపల ఎలా రాసినా ట్యాగును మాత్రం మార్చకండి. ఇంకో కారణం కంటికి కనిపించదు. ‘బస్‌స్టాండ్’ వంటి మాటల్లో పొల్లును విడిగా నిలపడానికి కీబోర్డు ఒక అదృశ్య గుర్తు చేరుస్తుంది. ఒకసారి ఆ గుర్తుతో, ఒకసారి అది లేకుండా రాస్తే వెతుకులో రెండూ కలవకపోవచ్చు. అటువంటప్పుడు మాటలో మొదటి రెండు అక్షరాలతోనే వెతకండి.

పిల్లలు ఒడియా బడిలో చదువుతున్నారు. తెలుగు రాయించడానికి డైరీ యాప్ పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, ఈ పేజీ రాయడానికి నన్ను పురికొల్పినవాటిలో ఇదొకటి. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ ఒక్క వాక్యం కూడా రాయలేని పిల్లలు సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వారికి చేతిరాత యాప్ ఇవ్వండి, టైపు వద్దు. కీబోర్డు పైన వచ్చే సూచన పట్టీ మీద మాటను తాకడం వల్ల అక్షరం చేతికి రాదు. రోజుకు రెండు వాక్యాలు, ఒక ఫొటో చాలు. నాగావళి ఒడ్డుకు వెళ్ళిన రోజు, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళిన రోజు, అమ్మమ్మ వంట చేసిన రోజు ఇలా వాళ్ళ సొంత విషయాలే ఉండాలి. తప్పులను ఎర్ర రంగుతో దిద్దకండి. ఆ వాక్యాన్నే కింద మీ చేతితో సరిగ్గా రాయండి.

ఎంత చోటు పడుతుంది?

తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి సాధారణంగా 3 బైట్లు తీసుకుంటుంది. రోజుకు 1,500 అక్షరాలు టైపు చేసినా ఏడాదికి దాదాపు 1.6 ఎంబీ మాత్రమే అవుతుంది. చోటు తినేవి ఫొటోలు. రోజుకు 3 ఎంబీ ఫొటో ఒకటి చేరిస్తే ఏడాదికి 1 జీబీ దాటుతుంది.

## ట్యాబ్ మారినా, యాప్ వదిలినా

గూగుల్ బ్యాకప్ ఆన్‌లోనే ఉంది కదా, వేరే నకలు ఎందుకు?

ఆండ్రాయిడ్ తనంతట తాను తీసే బ్యాకప్‌లో ఒక్కో యాప్‌కు 25 ఎంబీ పరిమితి ఉంది, ఫొటోలున్న డైరీ అందులో పట్టదు. యాప్ సొంత బ్యాకప్‌ను విడిగా ఆన్ చేయాలి. ఉచితంగా గూగుల్ 15 జీబీ, ఐక్లౌడ్ 5 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఇస్తున్నాయి. రెండేళ్ళు వాడని గూగుల్ ఖాతాను అందులోని సమాచారంతో సహా తొలగించే నియమం కూడా అమలులో ఉంది. కాబట్టి మూడు నెలలకోసారి ఎగుమతి ఫైలును పెన్‌డ్రైవ్‌లో గాని మెమరీ కార్డులో గాని ఉంచి, ఇంకో పరికరంలో తెరిచి చూడండి. తెరిచి చూడని నకలు ఉందో లేదో చెప్పలేం.

పీడీఎఫ్ తీసి ఉంచుకుంటే చాలదా?

చదవడానికి, అచ్చు వేయించడానికి చాలు. అందులోంచి తెలుగును తిరిగి అక్షరాలుగా తీయడానికి చాలదు. పీడీఎఫ్ అక్షరాల ఆకారాలను అమర్చి దాస్తుంది, సంయుక్తాక్షరాలను నకలు చేసేటప్పుడు చాలాసార్లు క్రమం చెదిరిపోతుంది. టైపు డైరీకి పీడీఎఫ్‌తో పాటు మామూలు అక్షరాల ఫైలు గాని, వర్డ్, జేసన్, మార్క్‌డౌన్ (అక్షరాలను అక్షరాలుగానే దాచే ఫైలు రకాలు) రూపాల్లో ఏదో ఒకటి గాని తప్పకుండా తీయండి. చేతిరాతకు మాత్రం పీడీఎఫ్‌ను మించినది లేదు.

ఆంధ్రా సిమ్ వదిలేశాను. ఇప్పుడు డైరీ ఖాతా తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి?

మరో పరికరంలో ఆ ఖాతా ఇంకా తెరిచి ఉంటే వెంటనే అక్కడి నుంచి కొత్త నంబరు, ప్రత్యామ్నాయ ఈమెయిలు చేర్చండి. ఎక్కడా తెరిచి లేకపోతే ఖాతా పునరుద్ధరణ పేజీలో, ఎప్పుడూ వాడే ట్యాబ్ నుంచే, ఎప్పుడూ ఉండే చోటు నుంచే ప్రయత్నించండి. సరిహద్దు రెండు వైపులా రెండు సిమ్‌లు ఉంచుకునే మనవాళ్ళకు ఈ ఇబ్బంది తరచుగా వస్తోంది. రీఛార్జి లేక ఆగిపోయిన నంబరు కొంతకాలానికి ఇంకొకరికి వెళ్ళవచ్చు కాబట్టి, సిమ్ వదిలేముందే ఖాతాలో నంబరు మార్చి, ఖాతా ఇచ్చే అత్యవసర (బ్యాకప్) కోడ్‌లను కాగితం మీద రాసి ఉంచుకోండి.

నాన్నగారి కాగితం డైరీలు, నేను అనూ ఫాంట్లలో టైపు చేసుకున్నవి ఉన్నాయి. వాటిని కొత్త యాప్‌లోకి తేగలనా?

తేవచ్చు. అనూ ఫాంట్లలోని పాత ఫైళ్ళు యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని చోట అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి; యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు నెట్‌లో ఉన్నాయి, మార్చాక వత్తులను ఒకసారి సరిచూడాలి. కాగితం డైరీలను పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పేజీకో ఫొటో తీయండి. డైరీ యాప్‌లో పాత తేదీతో పేజీ తెరిచి ఆ ఫొటోను చేర్చి, కింద ఊరు, వ్యక్తుల పేర్లు మాత్రం టైపు చేస్తే వెతుక్కోవడానికి సరిపోతుంది. పేజీలు వందల్లో ఉంటే పెళ్ళిళ్ళు, పుట్టుకలు, ఊరు మారడం వంటివి ఉన్న సంవత్సరాలతో మొదలుపెట్టండి. పెద్దవారు ఇంకా ఉన్నట్లయితే ఆ పేజీని వారి చేతికిచ్చి, వారు చెప్పేది స్వరలేఖనంతో అక్కడే రాయించండి.